వార్తల్లో పదం: ఎలక్ట్రోకైనెటిక్ రెమిడియేషన్

ఇసుక నేలలో విషం దిగితే బోరు వేసి, నీళ్లు తోడి కడిగేయొచ్చు. బంకమట్టి దగ్గర ఆ పప్పులుడకవు. దాని రంధ్రాలు మరీ సన్నం. పంపు ఎంత లాగినా నీరు కదలదు. అలాంటి నేలను కరెంటుతో శుభ్రం చేసే పద్ధతి ఇది.

మట్టిలో ఎలక్ట్రోడ్లు పాతి, సెంటీమీటరుకు సుమారు ఒక వోల్టు చొప్పున డీసీ విద్యుత్తు ఇస్తారు. సీసం, కాడ్మియం వంటి లోహాల అయాన్లు రుణధ్రువం వైపు, క్రోమేట్ లాంటివి ధనధ్రువం వైపు కదులుతాయి. బంకమట్టి రేణువులది సాధారణంగా రుణావేశం కనుక రంధ్రాల్లోని నీరూ రుణధ్రువం వైపే జరుగుతుంది. ఈ ఎలక్ట్రో ఆస్మాసిస్‌ను మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదట్లోనే గమనించాడు.

చిక్కంతా ధ్రువాల దగ్గరే. నీరు విడిపోయి ధనధ్రువం దగ్గర ఆమ్లం, రుణధ్రువం దగ్గర క్షారం పుడతాయి. ఆమ్లం మట్టిని పట్టుకున్న లోహాన్ని ఊడదీస్తుంది. క్షారం ఎదురైన చోట అదే లోహం హైడ్రాక్సైడ్‌గా పేరుకుని దారి మూసేస్తుంది. అందుకే రుణధ్రువం బావిలో ఎసిటిక్ యాసిడ్ లాంటిది పోస్తుంటారు. అసలు పనితనమంతా ఇక్కడే అనిపిస్తుంది.

అమెరికాలో కెంటకీ రాష్ట్రం పడూకాలోని యురేనియం ఎన్‌రిచ్‌మెంట్ కర్మాగారం దగ్గర, లోహ భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్ బంకమట్టిలోకి ఇంకింది. 1995లో అక్కడ ‘లజాన్యా’ ప్రయోగం మొదలైంది. ఎలక్ట్రోడ్ల మధ్య తొలుత యాక్టివేటెడ్ కార్బన్, తర్వాతి దశలో ఇనుపరజను పొరలు నింపారు. నీటితోపాటు కదిలొచ్చిన రసాయనాన్ని ఇనుము అక్కడికక్కడే విడగొట్టింది. మట్టి తవ్వి లారీలకెత్తే పని తప్పింది. కరెంటు ఖర్చు, నెలల తరబడి ఓపిక మాత్రం తప్పవు. నేలలో పాత ఇనుప పైపులుంటే కరెంటు వాటి వెంటే పోతుంది.