హిమాయత్ సాగర్ చుట్టూ శబ్దం నడిచే దారులు

శబ్దమంటే గాలి ఒత్తిడిలో వచ్చే హెచ్చుతగ్గులు. కంపించే వస్తువు తన పక్కనున్న గాలిని ఒకసారి నొక్కుతుంది, ఒకసారి వదులుతుంది. నొక్కినచోట గాలి చిక్కబడుతుంది, వదిలినచోట పలచబడుతుంది. ఈ చిక్కదనం, పలచదనం ఒకదాని వెంట ఒకటి ముందుకు సాగిపోవడమే ధ్వని తరంగం. సాగిపోయేది ఒత్తిడే గాని గాలి కాదు. గాలి అణువులు ఉన్నచోటే కాస్త ముందుకూ వెనక్కీ ఊగి ఊరుకుంటాయి. ఆ ఊగడం ఎంత స్వల్పమో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1000 హెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర చెవికి ఆనే అతి సన్నని శబ్దంలో గాలి కదిలే దూరం ఒక పరమాణువు వెడల్పులో సుమారు పదో వంతు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటున్నప్పుడు ఒత్తిడిలో వచ్చే మార్పు 0.02 పాస్కల్. వాతావరణం ఒత్తిడి సుమారు లక్ష పాస్కల్‌లు. అంటే 50 లక్షల్లో ఒక వంతు మార్పును చెవి పసిగట్టి, అందులోంచి మాటను, మనిషిని, కోపాన్ని, ప్రేమను వేరుచేసి అందిస్తోంది.

ఈ తరంగాల నడకను గమనించడానికి హైదరాబాద్ నైరుతి అంచున ఉన్న హిమాయత్ సాగర్ పరిసరాలు చాలా అనువైన చోటు. 1908 మూసీ వరదల తర్వాత, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, మూసీ ఉపనది ఈసీ మీద కట్టిన జలాశయం ఇది. 1927లో పూర్తయింది. నిజాం కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. ఇప్పుడు దాని పక్కగా అవుటర్ రింగ్ రోడ్డు పోతుంది. దక్షిణాన శంషాబాద్‌లో 2008 మార్చిలో మొదలైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది. ఉత్తరాన గోల్కొండ కోట ఉంది. నీళ్లు, రాతి నేల, ఆగని రోడ్డు, విమానాలు, గుమ్మటం అన్నీ ఒకే దిక్కున దొరుకుతాయి.

శబ్దం ఎంత వేగంతో పోతుందన్న లెక్కను మొదట కట్టినవాడు న్యూటన్. గాలి ఒత్తిడిని దాని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వేగం వస్తుందని 1687లో చూపించాడు. సున్నా డిగ్రీల దగ్గర ఆ లెక్క ప్రకారం సెకనుకు 280 మీటర్లు రావాలి. కొలిచి చూస్తే 331 వస్తోంది. తేడా చిన్నది కాదు, అయినా వందేళ్లకు పైగా అలాగే మిగిలిపోయింది. లాప్లాస్ 1816లో కారణం పట్టుకున్నాడు. నొక్కుకున్న గాలి క్షణకాలం వేడెక్కుతుంది, ఆ వేడి చుట్టూ పంచుకునేలోపే తరంగం దాటిపోతుంది. వేడెక్కిన గాలి మరింత బలంగా ఎదురు నెడుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది. న్యూటన్ సూత్రంలోని ఒత్తిడిని 1.4తో గుణిస్తే చాలు, 331 వచ్చేస్తుంది.

ఈ సూత్రంలోంచి ఇంకో సంగతి బయటపడుతుంది. హైదరాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, విమానాశ్రయం 600 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి విశాఖ తీరంలో కంటే తక్కువ. కానీ ఒత్తిడితోపాటు సాంద్రత కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి శబ్దవేగానికి ఏమీ కాదు. దాన్ని మార్చేది ఉష్ణోగ్రత ఒక్కటే అనుకోవచ్చు. డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 340 మీటర్లయితే, మే మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో 355. జలాశయం మీద మెరుపు మెరిశాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలిసేది ఈ వేగం వల్లనే.

తరంగాన్ని గణితంలో మొదట పూర్తిగా రాసినవాడు ఫ్రెంచి గణితజ్ఞుడు డాలంబర్. 1747లో ఆయన తీగ కంపనానికి రాసిన అవకలన సమీకరణం గాలిలో శబ్దానికీ సరిపోతుంది. ఒకచోట ఒత్తిడి కాలంతో ఎలా మారుతుందన్నది, ఆ ఒత్తిడి చుట్టుపక్కల ఎలా వంపు తిరిగి ఉందన్న దాన్ని బట్టి ఉంటుందని చెప్పడమే ఆ సమీకరణం సారం. దాని గొప్పతనమంతా ఒక లక్షణంలో ఉంది. రెండు పరిష్కారాలను కలిపితే వచ్చేది కూడా పరిష్కారమే. అందుకే కట్ట మీద పిల్లల కేకలు, లారీ హారన్, పక్షుల కూతలు ఒకే గాలిలో ఒకదాన్నొకటి దాటిపోయినా ఏదీ చెడదు.

ఒక సెకనులో వచ్చే కంపనాల సంఖ్య పౌనఃపున్యం. వేగాన్ని దానితో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. మనిషి వినగలిగే అతి మంద్రమైన 20 హెర్ట్జ్ తరంగం పొడవు 17 మీటర్లు, అతి తారమైన 20,000 హెర్ట్జ్ తరంగం పొడవు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. గాలి ఈ రెంటినీ ఒకేలా చూడదు. 1000 హెర్ట్జ్ శబ్దాన్ని కిలోమీటరుకు సుమారు ఐదు డెసిబెల్‌లు మింగేస్తే, 4000 హెర్ట్జ్ శబ్దాన్ని ఇరవైకి పైగా మింగుతుంది. 100 హెర్ట్జ్ శబ్దం అర డెసిబెల్ కోల్పోవడమే ఎక్కువ. దగ్గర పడిన పిడుగు ఫెళ్లుమనడానికీ, దూరపు ఉరుము గుడగుడలాడటానికీ ఇదొక కారణం. రన్‌వే పక్కన చెవులు చిల్లులు పడేలా కీచుమనే ఇంజను జలాశయం దగ్గరికి వచ్చేసరికి బొంగురు మోతగా మిగిలేదీ అందుకే.

డెసిబెల్ అన్నది సంవర్గమాన కొలత. శక్తి పదింతలైతే పది డెసిబెల్‌లు పెరుగుతాయి, రెండింతలైతే మూడే పెరుగుతాయి. ఒకే మోత చేసే రెండు లారీలు 70, 70 కలిసి 140 కావు, 73 అవుతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌ల హద్దు పెట్టాయి. ఆ పది తేడా అంటే రాత్రిపూట పగటి శబ్దశక్తిలో పదో వంతే అనుమతి అన్నమాట.

విమానం మోత ఒక బిందువు నుంచి అన్ని దిక్కులకూ గోళంలా విస్తరిస్తుంది. దూరం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతల వైశాల్యం మీద పరుచుకుంటుంది, ఆరు డెసిబెల్‌లు పడిపోతాయి. రింగ్ రోడ్డు అలా కాదు. అడుగడుగునా బండ్లు పరుగెత్తే రోడ్డు మొత్తం ఒక గీతలాంటి మూలం. దాని శబ్దం స్తంభాకారంగా విస్తరిస్తుంది, దూరం రెట్టింపైనా మూడు డెసిబెల్‌లే తగ్గుతుంది. వంద మీటర్ల నుంచి 1600 మీటర్లకు వెళ్తే విమానం మోత 24 డెసిబెల్‌లు తగ్గేచోట రోడ్డు రొద 12 మాత్రమే తగ్గుతుంది. ఒక్కో బండి చేసేది చిన్న చప్పుడే అయినా పెద్ద రోడ్డు హోరు అంత దూరం వెంటాడటానికి మూలం ఈ జ్యామితిలో ఉంది.

ఇక్కడిదాకా శబ్దం తిన్నగా పోతుందన్న లెక్క. నిజానికి అది వంగుతుంది, వంచేది ఉష్ణోగ్రత. పగలు నేల కాలి, పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. తరంగం కింది భాగం వేడిగాలిలో వేగంగా, పై భాగం చల్లగాలిలో నెమ్మదిగా నడవడంతో దారి ఆకాశం వైపు తిరిగిపోతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం కొన్ని వందల మీటర్ల అవతలి శబ్దం కూడా సరిగా ఆనదు. శీతాకాలపు తెల్లవారుజామున పరిస్థితి తలకిందులవుతుంది. నిర్మలమైన రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లారిపోతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. ఉదాహరణకు నేల నుంచి వంద మీటర్ల ఎత్తుకు ఐదు డిగ్రీలు పెరిగిందనుకుంటే, ప్రతి మీటరుకూ శబ్దవేగం సెకనుకు 0.03 మీటర్లు పెరుగుతుంది. 340ని 0.03తో భాగిస్తే 11 కిలోమీటర్లకు కొంచెం పైన వస్తుంది. శబ్దం దారి అంత వ్యాసార్ధమున్న వృత్తంలో ఒక చాపం. ఆ చాపం మీద బయలుదేరిన శబ్దం వంద మీటర్ల ఎత్తుకు లేచి, మూడు కిలోమీటర్ల అవతల మళ్లీ నేలకు దిగుతుంది. మధ్యలో ఉన్న చెట్లు, గోడలు, బండరాళ్ల గుట్టలు దానికి అడ్డం రావు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో చలికాలం వేకువన విమానాల మోత దగ్గరకు వచ్చినట్లుండటం భ్రమ కాదు.

నీటి మీద మాత్రం ఈ వేళలు మారిపోతాయి. నీరు నేలలా త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. చలికాలం వేకువన హిమాయత్ సాగర్ నీళ్లు గాలికంటే వెచ్చగా ఉంటాయి, అందువల్ల వాటి ఉపరితలాన్ని ఆనుకుని శబ్దం పైకి వంగుతుంది. ఎండాకాలం సాయంత్రం గాలి ఇంకా సెగలు కక్కుతుంటే నీళ్లు చల్లగా ఉంటాయి. అప్పుడు నీటిని ఆనుకున్న గాలి చల్లబడి శబ్దాన్ని కిందికి వంచుతుంది. అలలు లేని నీటి ఉపరితలం ఆ శబ్దాన్ని దాదాపు ఏమీ పోగొట్టకుండా వెనక్కి పంపుతుంది. వంగడం, తగిలి లేవడం, మళ్లీ వంగడం. అవతలి ఒడ్డున వల సర్దుకుంటున్నవాళ్ల మాటలు ఇవతలికి తేటగా వినిపించేది ఇలాంటి సాయంత్రాల్లోనే.

నీరు శబ్దాన్ని అంతగా తిప్పికొట్టడానికి కారణం రెండు మాధ్యమాల మధ్యనున్న తేడా. సాంద్రతను శబ్దవేగంతో గుణిస్తే మాధ్యమం చూపే నిరోధం వస్తుంది. గాలికి అది సుమారు 415 అయితే నీటికి 15 లక్షల దాకా ఉంటుంది, అంటే 3600 రెట్లు. ఇంత తేడా ఉన్నచోట శబ్దశక్తిలో వెయ్యింట ఒక వంతు మాత్రమే లోపలికి దిగుతుంది. కట్ట మీద ఎంత గోల జరిగినా నీటి అడుగున చేపకు చేరేది అంతే.

రాయి కూడా ఇలాగే తిప్పికొడుతుంది. గోల్కొండలో బాలా హిస్సార్ ప్రవేశద్వారం దగ్గర, గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే 120 మీటర్ల ఎత్తున్న కొండ పైదాకా వినిపించడం చూసినవారు ఎందరో. అక్కడ మాట్లాడి చూపించకుండా చప్పట్లే ఎందుకు కొడతారన్న ప్రశ్నకు జవాబు తరంగదైర్ఘ్యంలో ఉంది. చప్పట్లో 1000 నుంచి 3000 హెర్ట్జ్ శబ్దం బలంగా ఉంటుంది, దాని తరంగాలు జానెడు, మూరెడు పొడవుకు మించవు. అంత పొట్టి తరంగాలకు గుమ్మటం అద్దంలా పనిచేసి వాటిని కూడగట్టి ఒక దిక్కుకు తిప్పగలదు. మీటర్ల పొడవున్న మంద్ర తరంగాలు అలా లొంగవు, అన్నివైపులా చెదిరిపోతాయి. పైగా చప్పట్లు అర క్షణంలో తెగిపోయే చప్పుడు కాబట్టి మిగతా రొదలోంచి విడిగా తెలుస్తుంది. బిజాపూర్ గోల్ గుంబజ్‌లో జరిగేది వేరు. అక్కడ గుసగుస వంపు గోడను అంటిపెట్టుకుని చుట్టూ పాకుతుంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ లండన్ సెయింట్ పాల్స్ గుమ్మటంతోపాటు గోల్ గుంబజ్‌ను కూడా ఈ దృష్టితోనే పరిశీలించాడు.

చివరిది, మూలమే కదులుతున్నప్పటి సంగతి. దిగే విమానం వేగం గంటకు సుమారు 250 కిలోమీటర్లు, అంటే శబ్దవేగంలో ఐదో వంతు. ఇంజను ముందున్న ఫ్యానుకు 18 రెక్కలుండి, అది సెకనుకు 40 చుట్లు తిరుగుతోందనుకుంటే 720 హెర్ట్జ్ స్వరం పుడుతుంది. విమానం ఎదురుగా వస్తున్నంతసేపూ తరంగాలు దగ్గరగా నొక్కుకుని 900 హెర్ట్జ్‌గా చెవిని చేరతాయి, దాటిపోయాక సాగి 600 అవుతాయి. డాప్లర్ 1842లో ఊహించిన ప్రభావం ఇదే. మూడేళ్లకు బైస్ బాలట్ నెదర్లాండ్స్‌లో రైలు మీద బూరలు ఊదేవాళ్లను ఎక్కించి దాన్ని రుజువు చేశాడు. 900కూ 600కూ ఉన్న నిష్పత్తి మూడుకు రెండు. సంగీతంలో పంచమానికీ షడ్జమానికీ ఉన్న నిష్పత్తీ అదే. అయితే పంచమం నుంచి షడ్జమానికి ఈ జారుడు గబుక్కున జరిగేది విమానం సరిగ్గా నెత్తి మీదుగా, తక్కువ ఎత్తులో పోయినప్పుడే. అది ఎంత పక్కగా, ఎంత దూరంగా పోతే స్వరం అంత నెమ్మదిగా దిగుతుంది. రన్‌వేలకు కిలోమీటర్ల దూరంలో ఉన్న జలాశయం కట్ట మీద నిలబడినవారికి ఆ దిగుడు చాలా సెకన్లపాటు సాగుతుంది.