ఆన్‌లైన్ క్రీడలో గుప్త వనరుల జంట అన్వేషణ: మైన్‌క్రాఫ్ట్ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఆన్‌లైన్ క్రీడలో దాగి ఉన్న వనరులను ఇద్దరు కలిసి వెతికితే శ్రమ సగమవుతుందన్నది సాధారణాభిప్రాయం. ఈ లాభం ఏ పరిస్థితుల్లో కలుగుతుందో, ఎక్కడ చేజారుతుందో మైన్‌క్రాఫ్ట్‌లోని వజ్రాల తవ్వకం, భూగర్భ కోట అన్వేషణ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మైన్‌క్రాఫ్ట్, జంట అన్వేషణ, నిరూపకాలు, త్రిభుజీకరణ, ఉమ్మడి అవగాహన.

1. ఉపోద్ఘాతం

మొజాంగ్ సంస్థ రూపొందించిన మైన్‌క్రాఫ్ట్ 2009లో తొలిసారి ప్రజలకు అందింది. 2011 నవంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. ఈ క్రీడలోని నేల, కొండ, గుహ అన్నీ ఘనాకారపు బ్లాకులతో ఏర్పడినవే. ప్రతి బ్లాకు స్థానాన్నీ మూడు నిరూపకాలతో చెప్పవచ్చు. ఎక్స్ విలువ తూర్పుకు, జెడ్ విలువ దక్షిణానికి పెరుగుతాయి. వై విలువ ఎత్తును తెలుపుతుంది.

ఇందులోని గుప్త వనరులను రెండు విధాలుగా విభజించవచ్చు. నేలలో చెల్లాచెదురుగా ఉండి, ఏ సూచనా ఇవ్వనివి మొదటి రకం. దిక్కు మాత్రమే తెలిసి, దూరం తెలియనివి రెండవ రకం. ఈ రెండింటిలోనూ భాగస్వామి పాత్ర ఒకటి కాదు.

2. వజ్రాల తవ్వకం: పని విభజన

2021 చివరలో వచ్చిన 1.18 నవీకరణతో భూగర్భం వై విలువ -64 వరకు విస్తరించింది. వజ్రాలు 16వ స్థాయి నుండి కిందికి ఉంటాయి. లోతు పెరిగేకొద్దీ వాటి సంఖ్య పెరుగుతుంది. గుహలలో గాలికి బయటపడే చోట్ల తక్కువగా ఉంటాయి. అందువల్ల అనుభవజ్ఞులు -59 స్థాయికి సమీపంలో సమాంతర సొరంగాలు తవ్వుతారు.

ఒక బ్లాకు వెడల్పు గల రెండు సొరంగాల మధ్య రెండు బ్లాకుల గోడను వదిలితే, ఒక్కొక్క సొరంగం నుండి ఒక్కొక్క వరుస కనబడుతుంది. ఆ స్థాయిలో చూడని బ్లాకు మిగలదు. గోడ ఒక్క బ్లాకే అయితే ఇద్దరూ ఒకే రాయిని రెండు వైపుల నుండి చూస్తారు. అప్పుడు రెండవ వ్యక్తి శ్రమలో కొంత వృథా అవుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే స్థాయిని, ఎడాన్ని నిర్ణయించుకోవాలి.

పనిముట్ల తేడా ఇంకొక ప్రశ్నను ముందుకు తెస్తుంది. మూడవ స్థాయి 'ఫార్చ్యూన్' గుణం గల గునపంతో పగలగొడితే ఒక్కో వజ్రపు రాయికి సగటున 2.2 వజ్రాలు లభిస్తాయి. మామూలు ఇనుప గునపంతో లభించేది ఒక్కటే. పది రాళ్లకు సగటున 22 వజ్రాలు ఒక దారి, పది వజ్రాలు మరొక దారి. అటువంటి గునపం జంటలో ఒక్కరి వద్దే ఉన్నప్పుడు, రాయిని కనుగొన్న రెండవ వ్యక్తి దానిని తాకకుండా భాగస్వామిని పిలవాలి. అంటే తన కంటబడిన సంపదను ఇతరుని చేతికి అప్పగించాలి. పంపకం గురించి ముందే మాట లేనిచోట ఈ నిగ్రహం నిలవదు. సాంకేతికంగా ఉత్తమమైన పద్ధతి నమ్మకం లేక విఫలమయ్యే సందర్భమిది.

3. భూగర్భ కోట: రెండు దిక్కులు, ఒక బిందువు

'ఎండ్' లోకానికి ద్వారం భూగర్భ కోటలలో ఉంటుంది. జావా సంచికలో ఒక్కో ప్రపంచంలో ఇవి 128. వీటిలో మొదటి వలయంలోని మూడు కోటలు ప్రపంచ కేంద్రానికి 1280 నుండి 2816 బ్లాకుల దూరంలో ఉంటాయి. 'ఐ ఆఫ్ ఎండర్' అనే వస్తువును పైకి విసిరితే అది సమీప కోట వైపు కొంతదూరం ఎగురుతుంది. ఐదింట ఒక వంతు సంభావ్యతతో పగిలిపోతుంది. అది చూపేది దిక్కును మాత్రమే.

మొదటి క్రీడాకారుడు (0, 0) వద్ద విసిరినప్పుడు అది సరిగ్గా ఆగ్నేయానికి ఎగిరిందనుకుందాం. అప్పుడు జెడ్ = ఎక్స్. రెండవవాడు (600, 0) వద్ద విసిరినప్పుడు తూర్పుకు ఒక బ్లాకు, దక్షిణానికి రెండు బ్లాకుల చొప్పున సాగిందనుకుందాం. అప్పుడు జెడ్ = 2(ఎక్స్ - 600). ఈ రెండు రేఖలు (1200, 1200) వద్ద ఖండించుకుంటాయి. కోట అక్కడ ఉండాలి.

భూమి కొలతలో త్రిభుజీకరణ అనే పద్ధతి ఇదే. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపాన సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖను కొలిచి ప్రారంభించిన మహా సర్వేకు మూలసూత్రం కూడా ఇదే.

ఆధార రేఖ పొడవు ఇక్కడ కీలకం. 600 బ్లాకుల ఎడంలో రెండు రేఖల మధ్య కోణం సుమారు 18 డిగ్రీలు. ఇద్దరూ 60 బ్లాకుల ఎడంలోనే నిలబడితే అది ఒకటిన్నర డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు ఒక డిగ్రీ పొరపాటు కూడా ఫలితాన్ని వందల బ్లాకుల దూరానికి నెట్టగలదు. పక్కపక్కనే నడిచే జంటకు రెండవ కొలత వల్ల ఒరిగేది స్వల్పం. మరీ దూరమైనా ప్రమాదమే. ఇద్దరికీ సమీప కోటలు వేరువేరు అయితే ఆ రేఖల ఖండన బిందువుకు అర్థం ఉండదు. మూడవ చోట మరొకసారి విసరడం దీనికి పరిష్కారం.

4. మాట పాత్ర

ఒంటరి క్రీడాకారుడు కూడా 600 బ్లాకులు నడిచి రెండవ కొలత తీసుకోగలడు. భాగస్వామి వల్ల ఆ నడక తప్పుతుంది. అయితే ఒకరి మనసులో ఉండవలసిన అంకెలు ఇద్దరి మధ్య మాటగా మారాలి. 'ఎడమ', 'కుడి' అనే మాటలు చూసేవారి ముఖాన్ని బట్టి మారతాయి. 'తూర్పు', 'దక్షిణం' మారవు. తెలుగునాట భూమి దస్తావేజులు హద్దులను నాలుగు దిక్కులతో చెప్పడంలోని ఔచిత్యమూ ఇదే. 1991లో హెర్బర్ట్ క్లార్క్, సూజన్ బ్రెన్నన్ ప్రతిపాదించిన ఉమ్మడి అవగాహన సిద్ధాంతం ప్రకారం మాటను పలకడంతోనే సంభాషణ పూర్తికాదు. విన్నవారికి అర్థమైందన్న ఆధారం లభించాలి. భాగస్వామి చెప్పిన నిరూపకాలను తిరిగి పలకడం అటువంటి ఆధారమే. రుణ గుర్తు ఒక్కటి జారిపోయినా అన్వేషణ ఎదురు దిక్కుకు మళ్లుతుంది.

5. ముగింపు

చెల్లాచెదురు వనరుల విషయంలో భాగస్వామి వల్ల వెతికే విస్తీర్ణం పెరుగుతుంది. దిక్కు మాత్రమే తెలిసిన వనరుల విషయంలో రెండవ దృష్టికోణం లభిస్తుంది. మొదటిదానికి పంపకంపై ఒప్పందం, రెండవదానికి తగినంత ఎడం, స్థిరమైన పదజాలం అవసరం. ఇద్దరూ ఒకే చోటు నుండి ఒకే దానిని చూస్తున్నంతవరకు వారి సంఖ్య రెండయినా వారి జ్ఞానం ఒకటే. సహకార అభ్యసనంపై పరిశోధించేవారికి, తరగతిలో జంట కృత్యాలను రూపొందించే అధ్యాపకులకు ఈ క్రీడ చూపే అంశం ఇది: విద్యార్థులను జతచేయడం కంటే ముందు, ఒకరికి తెలియనిది మరొకరికి కనబడే ఏర్పాటు చేయాలి.