చాపలో చ, చాపంలో చ

అపోహ: తెలుగును రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం.

ఈ మాట మనకు పలకా బలపంతో పాటే వస్తుంది. చాలావరకు నిజం కాబట్టే ఇంతకాలం నిలిచింది. కానీ వరంగల్ కాశిబుగ్గలో ఏ కిరాణా కొట్టు ముందైనా నిలబడి చెవి పెట్టండి. చామగడ్డ, చారు, చాప అన్నప్పుడు నాలుక కొస పళ్ల వెనక తగులుతుంది. చింతపండు, చీపురు అన్నప్పుడు ఇంకాస్త లోపల, అంగిలికి తగులుతుంది. జొన్నల్లో జ వేరు, జీలకర్రలో జ వేరు. అక్షరం ఒకటే, ధ్వనులు రెండు. దీనికో పద్ధతి కూడా ఉంది. అచ్చతెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ కలిస్తే తాలవ్యం, అంటే అంగిలికి తగిలే ధ్వని. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ కలిస్తే దంత్యం, అంటే పళ్లకు తగిలే ధ్వని. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఏ అచ్చు కలిసినా తాలవ్యమే. అందుకే పరుచుకునే చాప ఒకలా, రాముడి చాపం ఇంకోలా పలుకుతాం. బ్రౌన్ తన నిఘంటువులో ఈ తేడా చూపించాడు. యూనికోడ్‌లో ౘ, ౙ లకు విడిగా చోటుంది. రోజువారీ రాతలో మాత్రం వాటిని ఎవరూ వాడరు.

ఈ తేడాను రాతలోనూ చూపే భాషలున్నాయి. ఆర్మేనియన్ భాషలో ఈ రెండు రకాల ధ్వనులకూ వేర్వేరు అక్షరాలున్నాయి. క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ ఆ లిపిని 36 అక్షరాలతో రూపొందించాడు. ఆయన పేరు చివర వినిపించేది మన చాపలోని ధ్వనికి దగ్గరి చుట్టమే. ఆ లిపి మనకు మరీ దూరపుదీ కాదు. హైదరాబాద్ ఉప్పుగూడలోని ఆర్మేనియన్ల శ్మశానంలో సమాధి రాళ్ల మీద ఆ అక్షరాలున్నాయి. ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో అచ్చయింది మద్రాసులోనే.

అపోహ: ఙ, ఞ ఎవరూ పలకరు, తీసేయొచ్చు.

కాశిబుగ్గ నుంచి ఆటో ఎక్కేవాళ్లు ‘వరంగల్ చౌరస్తా’ అన్న ప్రతిసారీ ఙ పలుకుతున్నారు. అక్కడ సున్న చేసే పని అదే. మంచిలో ఆ సున్నే ఞ, పంటలో ణ, కందిలో న, కంబళిలో మ. వాడుకలో తగ్గింది అక్షరమే, ధ్వని కాదు.

అపోహ: ర, ఱ ఒకటే, బండి ఱ పండితుల పట్టింపు.

ఈనాటి నోటికి ఒకటే, ఒప్పుకోవాల్సిందే. ఒకప్పుడు మాత్రం రెండూ వేరు. చెరువును చెఱువు అని రాసింది అందుకే. తమిళ, మలయాళాలు ఇప్పటికీ ఆ రెండు అక్షరాలనూ విడిగా రాస్తాయి. ఆర్మేనియన్లకూ మెత్తని ర, గట్టి ర రెండున్నాయి. పలుకు కలిసిపోయాక కూడా, ఒకనాటి తేడాను రాత దాచిపెడుతుంది. ఆ సాక్ష్యం నాకు విలువైనది.

అపోహ: లిపి తెలుగైతే భాషా తెలుగే.

హనుమకొండలో కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం చూడండి. లిపి తెలుగు-కన్నడం, భాష ప్రధానంగా సంస్కృతం.

అపోహ: తెలంగాణ పలుకుబడి తప్పు ఉచ్చారణ.

అన్నిటికన్నా ఎక్కువ గాయపరిచిన అపోహ ఇదే. ‘వచ్చిండు’ అన్న పిల్లవాణ్ణి బడిలో ‘వచ్చాడు’ అనమని దిద్దారు. ఇంతకీ ఆ ‘వచ్చాడు’ను కోస్తావాళ్లు పలికేటప్పుడు జాగ్రత్తగా వినండి. రాసింది ఆ, వినిపించేది ఆ కాదు. ‘ఆ’కూ ‘ఏ’కూ నడుమ నోరు వెడల్పుగా తెరిచి పలికే ఇంకో అచ్చు. దానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. వరంగల్‌వాళ్ల ‘వచ్చిండు’ మాత్రం అక్షరం అక్షరం రాసినట్టే వినిపిస్తుంది. రాతే కొలబద్ద అనుకుంటే దిద్దుకోవాల్సింది ఎవరు?

నిజానికి ఎవరూ దిద్దుకోనక్కర్లేదు. ఆర్మేనియన్‌లో ఒకే అక్షరమాలకు తూర్పు, పడమటి పలుకుబడులు రెండున్నాయి. తూర్పువాళ్లు పెత్రోస్ అనే పేరును పడమటివాళ్లు అవే అక్షరాలతో రాసి బెద్రోస్ అని చదువుతారు. రెండింటికీ వ్యాకరణాలున్నాయి, సాహిత్యముంది. ఒకటి ఇంకోదానికి చెడిపోయిన రూపమని ఏ భాషాశాస్త్రవేత్తా అనడు.

హనుమకొండలో బతికిన కవి కాళోజీ జీవితమంతా వాదించింది జనం నోటి భాష కోసమే. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు బడుల్లో పెద్దల ఉపన్యాసాలు తగ్గించి, పిల్లలు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడనివ్వాలి, ఎవరూ అడ్డుపడి దిద్దకుండా.