మళ్లీ ముద్ద కలపాలంటే...

ఆసుపత్రి నుంచి నాన్నను ఇంటికి తీసుకొచ్చారు. ప్రాణగండం తప్పింది కానీ కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. 'కదిలించకండి, విశ్రాంతిగా ఉండనివ్వండి' అన్నాడు బాబాయి. 'రోజూ నడిపించకపోతే ఇక లేవలేరు' అంది పక్కింటి పిన్నిగారు. పావురం నెత్తురు రుద్దమని ఇంకొకరు. అమ్మ మాత్రం ఎవరికీ బదులు చెప్పకుండా అన్నం కలిపి ముద్దలు నోటికి అందిస్తోంది.

ఎవరి మాట వినాలి? ఎప్పుడు లేపాలి? ఎంతసేపు నడిపించాలి? అసలు అమ్మ తినిపించడం మంచిదేనా?

ఇలాంటి ప్రశ్నలకు జవాబులు వెతకడానికే ఓ చదువుంది. పేరు రిహాబిలిటేషన్ సైన్స్... పునరావాస శాస్త్రం. ఇందులో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఆపరేషన్లు చేయరు. మందులూ కనిపెట్టరు. జబ్బో ప్రమాదమో మిగిల్చిన లోటుతో మనిషి మళ్లీ తన పనులు తాను చేసుకోవడం ఎలా అన్నదే వాళ్ల పరిశోధన. 2019 నాటి లెక్క ప్రకారం ప్రపంచంలో ఇలాంటి సేవలు అవసరమైనవారు దాదాపు 241 కోట్ల మంది!

పది నిమిషాలకోసారి...

పక్షవాతం వచ్చినవాళ్లు ఆసుపత్రిలో రోజంతా ఏం చేస్తారు? చాలా మామూలు ప్రశ్న. ఆస్ట్రేలియాకు చెందిన ఫిజియోథెరపీ పరిశోధకురాలు జూలీ బెర్న్‌హార్ట్ బృందం దానికి జవాబు వెతికింది. మెల్‌బోర్న్‌లోని అయిదు స్ట్రోక్ వార్డుల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా పది నిమిషాలకోసారి రోగులను గమనించి రాసుకున్నారు. 2004లో వెలువడిన ఆ ఫలితాలు వైద్యులను ఆలోచనలో పడేశాయి. రోగులు సగానికి పైగా సమయం మంచం మీదే ఉన్నారు. 60 శాతం సమయం ఒంటరిగా గడిపారు. కోలుకోవడానికి పనికొచ్చే కదలికలకు దక్కింది 13 శాతం సమయమే.

అయితే వెంటనే లేపి, ఎక్కువసార్లు నడిపిస్తే సరి అనిపిస్తుంది కదా! పరిశోధకులూ అలాగే అనుకున్నారు. కానీ అనుకోవడంతో ఆగలేదు. అయిదు దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2,104 మందితో పరీక్షించారు. సగం మందికి మామూలు చికిత్స. మిగతావారిని 24 గంటల్లోపే లేపి, ఎక్కువగా కదిలించారు. 2015లో ఫలితం వచ్చింది. మూడు నెలల తర్వాత చూస్తే మామూలు చికిత్స పొందినవారిలో 50 శాతం మంచి స్థితిలో ఉంటే, హడావుడిగా లేపినవారిలో 46 శాతమే ఉన్నారు! ఆ వివరాలనే 2016లో మళ్లీ విశ్లేషిస్తే, ఎక్కువసేపు ఒకేసారి కాకుండా కాసేపటి చొప్పున తరచూ కదిలించడం మేలనిపించింది. బాబాయి మాటా పూర్తిగా నిజం కాదు, పిన్నిగారి మాటా కాదు!

ఇంటివాళ్లకు నేర్పితే?

మన దేశంలో థెరపిస్టులు తక్కువ. ఇంటినిండా మనుషులుంటారు. వాళ్లకే శిక్షణ ఇస్తే? 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో ఇదీ పరీక్షించారు. మామూలు చికిత్సకు తోడుగా కుటుంబసభ్యులకు ఆసుపత్రిలోనే వ్యాయామాలు నేర్పి, ఇంటికెళ్లాక రెండు నెలల దాకా కొనసాగించారు. 2017లో వెలువడిన ఫలితం నిరాశపరిచింది. ఆరు నెలలకు మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతమే.

ఇంటివాళ్ల సేవ వృథా అని దీనర్థం కాదు. వాళ్లకు కాస్త నేర్పితే థెరపిస్టుల కొరత తీరిపోతుందన్న ఆశ నిలబడలేదంతే. 'పనిచేయదు' అని తేలడమూ పరిశోధనలో విజయమే. లేకపోతే అదే పద్ధతి మీద ఊరూరా డబ్బూ కాలమూ ఖర్చయ్యేవి.

మంచి చేతికి తొడుగు

ఇక అమ్మ ముద్దల సంగతి. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ ఓ విషయం గుర్తించాడు. పడిపోయిన చెయ్యి మొదట్లో పనిచేయదు. దాంతో మనిషి మంచి చేత్తోనే అన్నీ చేసుకోవడం అలవాటు చేసుకుంటాడు. తర్వాత ఆ చేతికి కాస్త శక్తి వచ్చినా వాడటం మానేస్తాడు. అందుకే మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతి పుట్టింది. అమెరికాలో 222 మందితో రెండు వారాలపాటు దీన్ని పరీక్షించారు. 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం చేతి వాడకం మెరుగుపడింది. ఏడాది తర్వాతా ఆ మేలు నిలిచింది. అయితే ఇది అందరికీ కాదు. మణికట్టూ వేళ్లూ కొంతైనా కదిలేవారికే.

ఎవరు చేరొచ్చు?

ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ లాంటి కోర్సుల్లో పీజీ చేసినవారు ఎక్కువగా ఇటు వస్తారు. కెనడాలోని మెక్‌మాస్టర్, టొరంటో విశ్వవిద్యాలయాలు ఈ శాస్త్రంలోనే పీహెచ్‌డీ ఇస్తున్నాయి. మన దగ్గర ఎక్కువగా ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ లాంటి విభాగాల పేరుతో చేస్తారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు.

కష్టం పుస్తకాల్లో కన్నా బయటే ఎక్కువ. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. రోగులను ఒప్పించాలి. మొదటిసారి పరీక్షించిన మనిషి ఆరు నెలల తర్వాత మళ్లీ రావాలి. పల్లె నుంచి రావాలంటే బస్సు ఛార్జీ, తోడొచ్చేవాళ్ల కూలి... ఏది కుదరకపోయినా ఆ మనిషి లెక్కలోంచి జారిపోతాడు. పైగా విదేశీ ప్రశ్నపత్రంలో ఫోర్కు పట్టుకోగలరా అని ఉంటుంది. మన పెద్దాయనకు కావాల్సింది నేలమీద కూర్చుని లేవడం, చేత్తో అన్నం కలుపుకోవడం. ఆ ప్రశ్నలను తెలుగులోకి తెచ్చి, మన జీవితానికి సరిపోతాయో లేదో తేల్చడమూ ఓ పరిశోధనే.

ఇంతా చేసి సాధించేది? థెరపిస్టు ఓ రోజు నాన్న వేళ్లు కదిలించి చూసి, 'అమ్మా, ఇక ఈయన్నే కలుపుకోనివ్వండి' అని ధైర్యంగా చెప్పగలగడం. మెతుకులు కింద పడతాయి. అరగంట పడుతుంది. అమ్మ చెయ్యి ముందుకు రాబోయి ఆగుతుంది. అలా ఆగడం ఎందుకు మంచిదో చెప్పడానికే ఎవరో కొందరు ఏళ్లు వెచ్చించారు.