కూరలో కరివేపాకు

అక్కఱ తీరినంతనే విడిచివేయబడిన వారిని “కూరలో కరివేపాకు” అందురు. ఆకును విస్తరి యంచునకు నెట్టుట మన యలవాటే గాని యాకు దోషము గాదు. కెరోటీను, కాల్షియము మెండుగా గల ఈ యాకును పాఱవేయుట పోషణను పాఱవేయుటయే.

కోస్తావారి కరివేపాకే తెలంగాణమువారి కల్యామాకు. దీని శాస్త్రనామమున నున్న “కోనిగీ” యను మాట కోనిగ్ అను వృక్షశాస్త్రజ్ఞుని పేరిట 1771లో లినేయసు పెట్టినది. ఆ పండితుడు 1785లో మన కాకినాడ జగన్నాథపురముననే కాలధర్మము నొందెను.

బజారున కొను కట్టపై పురుగుమందు జాడ యుండవచ్చును. మన దేశపు కరివేపాకును అవశేషములకై ప్రత్యేకముగా పరీక్షింపవలెనని ఐరోపా సమాఖ్య 2019 నాటి నియమావళిలో విధించినది. బిడ్డల కంచములోనికి పోవు నాకు మన యింటనే పెరుగుట మేలు గదా!

గడ్డిఅన్నారమున పెరడు గల యిండ్లు అరుదు. కాని డాబాపై ఎండకు కొదువ లేదు. మూరెడు లోతు గల కుండీకి అడుగున రంధ్రము లుంచి, ఎఱ్ఱమన్ను, ఇసుక, మాగిన పశువుల యెరువు సమపాళ్లుగా నింపవలెను. నల్లగా పండిన కాయల గుజ్జు తీసి గింజలను వెంటనే విత్తుడు. నిలువయుంచిన గింజ మొలవదు. పెద్దచెట్టు మొదట లేచిన పిలకను వేరుతో తెచ్చి నాటినను చాలును. మొక్క మూరెడెత్తు పెరిగిన పిదప కొన గిల్లినచో కొమ్మలు చీలును. పూమొగ్గలు తీసివేసిన ఆకు దట్టమగును. మొదటి యేడు కోతకు తొందరపడరాదు. పిదప ఆకులు దూయక, రెమ్మను కాడతో కోయవలెను. చలికాలమున పెరుగుదల మందగించును. అది దప్పి యని తలచి నీరు పోసినచో వేళ్లు కుళ్లును. ఆకులు తిను సీతాకోకచిలుక పురుగులను చేతితో నేరివేయుడు.

ఇక వాడుక. నీడనారిన యాకు నాలుగు గుప్పెళ్లు, శనగపప్పు, మినపపప్పు రెండేసి చెంచాలు, ధనియాలు ఒక చెంచా, ఎండుమిరప ఆఱు విడివిడిగా వేయించి, గోలీయంత చింతపండు, తగినంత ఉప్పు చేర్చి దంచవలెను. వేడియన్నమున నేతితో మొదటిముద్దగా వడ్డించిన, ఏఱి పాఱవేయుటకు ఆకు కనబడదు, పిల్లలు మాఱడుగుదురు.

మీ చెట్టు మొదట పిలక లేచిననాడు, దానిని పొరుగింటి కోడలి చేతికిండు. ఆ యింటను బజారు కట్టతో పని తీరును.