వెతికితే దొరకని వాడలు: సెర్చ్ ఇంజన్ ఎట్లా పనిచేస్తుంది?

గూగుల్‌లో కొడితే రాలేదంటే ఆ విషయం లేనే లేదని అనుకునే కాలం వచ్చింది. విద్యార్థి పరిశోధన మొదలుపెట్టేది అక్కడే. టీచరు పాఠానికి వివరాలు ఏరుకునేది అక్కడే. కార్యకర్త కరపత్రం రాసే ముందు తారీఖు సరిచూసుకునేదీ అక్కడే. బడి మెట్లు ఎక్కనివ్వని రోజులు మన తాతలు చూశారు. ఇప్పుడు మొబైల్ ఉన్నవాళ్లందరికీ ఈ తలుపు తెరిచే ఉంది. కానీ లోపల ఏది ముందు అరలో ఉండాలి, ఏది మూలన పడి ఉండాలి అన్నది ఎట్లా తేలుతోంది? దళిత చరిత్ర చదివేవాళ్లూ రాసేవాళ్లూ ఈ ప్రశ్న వేసుకోక తప్పదు.

సెర్చ్ ఇంజన్ చేసే పనులు మూడు. పేజీలను కనుక్కోవడం, వాటికి సూచిక కట్టడం, అడిగినప్పుడు వాటిని వరుసలో పెట్టడం. మన చరిత్ర ఈ మూడు చోట్లా ఆగిపోయే ప్రమాదం ఉంది.

మొదటిది కనుక్కోవడం. 1893లో నిజాం రైల్వే క్యారేజీ వర్క్‌షాపు పెట్టిన లాలాగూడలో ఉండి మేమీ వ్యాసం రాస్తున్నాం. పట్టాల పక్కన బతికేవాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. గ్యాంగ్‌మన్ పట్టా వెంబడే నడుస్తూ చూసుకుంటూ పోతాడు. పట్టా లేని చోటికి పోడు. క్రాలర్ అనే ప్రోగ్రాం కూడా అంతే. ఒక పేజీ తెరిచి, అందులో ఉన్న లింకులు రాసుకొని, వాటి వెంబడి తర్వాతి పేజీలకు పోతుంది. ఎవరూ లింకు ఇవ్వని పేజీ పట్టా వేయని ఊరులాంటిది. సైటు నడిపేవాళ్లు తమ పేజీల జాబితాను, అంటే సైట్‌మ్యాప్‌ను, పంపి క్రాలర్‌ను పిలవొచ్చు. ఫలానా పేజీలకు రావద్దని చెప్పే ఆనవాయితీ కూడా 1994 నుంచి ఉంది.

తాళం వేసిన గదుల్లోకి మాత్రం క్రాలర్ పోలేదు. మన వాడల్లో ఏప్రిల్ 14 ఉపన్యాసాలు, పెద్దల జ్ఞాపకాలు, పాత ఫొటోలు ఇప్పుడు ఎక్కువగా తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లోనే. అవేవీ సెర్చ్ ఇంజన్‌కు కనబడవు. వందల మందికి చేరిన పోస్టు కూడా ఆ గ్రూపు బయటివాళ్లకు లేనట్టే.

రెండవది సూచిక. మనం మాట కొట్టగానే యంత్రం ప్రపంచంలోని పేజీలన్నీ అప్పటికప్పుడు తిరగేయదు. పుస్తకం చివర ఉండే పదసూచికలాంటిది ముందే తయారుచేసి పెట్టుకుంటుంది. ఏ మాట ఏయే పేజీల్లో ఉందో అందులో రాసి ఉంటుంది. వెతికేది ఆ సూచికలోనే.

ఇక్కడ తెలుగుకు ఒక ప్రత్యేకమైన కష్టం వచ్చింది. యూనికోడ్ 1991లోనే తెలుగు అక్షరాలకు విడి సంఖ్యలు ఇచ్చింది. అయినా చాలా ఏళ్లపాటు తెలుగు సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడుకున్నాయి. తెర మీద తెలుగు కనబడేది. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ చెందిన సంకేతాలు. మనిషి కంటికి అది తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంలేని గీతలు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2006లో వెబ్‌ఖోజ్ అనే సెర్చ్ ఇంజన్ గురించి పరిశోధనా పత్రం ప్రచురించారు. రకరకాల ఫాంట్లలో ఉన్న భారతీయ భాషల పేజీలను ఒకే సంకేత పద్ధతిలోకి మార్చి సూచిక కట్టడమే దాని ముఖ్యమైన పని. పెద్ద పత్రికల సైట్లు తర్వాత యూనికోడ్‌కు మారాయి. కానీ అను ఫాంట్లలో డీటీపీ చేసిన మన ప్రత్యేక సంచికలు, కరపత్రాలు ఎన్నో ఇంకా అట్లాగే ఉన్నాయి. స్కాన్ చేసి పెట్టిన పుస్తకమైనా అంతే. అక్షరాలను గుర్తుపట్టే పని జరిగేదాకా అది బొమ్మ మాత్రమే.

మాటల సమస్య ఇంకొకటి. మా పేటనే తీసుకోండి. లాలాగూడ, లాలగూడ, లల్లాగూడ అని తలా ఒక తీరుగా రాస్తారు. రైల్వేవాళ్ల ఇంగ్లీషులో నడుమ రెండు ఎల్‌లు ఉంటాయి. ఇది చిన్న సంగతి. మన ఉనికి పేర్లే మారుతూ వచ్చాయి కదా! 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములు అన్న పేరు కాదని, ఆది ఆంధ్రులు అని చెప్పుకున్నారు. నిజాం రాజ్యంలో ఆది హిందూ అన్నారు. తర్వాత హరిజనులన్నారు, షెడ్యూల్డు కులాలన్నారు, దళితులమని మనమే చెప్పుకున్నాం. ‘దళిత’ అని వెతికే విద్యార్థికి 1920ల నాటి ‘ఆది హిందూ’ సభ వార్త మాట పోలికతో దొరకదు. 2019 నుంచి గూగుల్ బెర్ట్ అనే పద్ధతితో మాటల సందర్భాన్ని కూడా పట్టుకోవాలని చూస్తోంది. అయితే అలాంటి పద్ధతి నేర్చుకునేది ఉన్న రాతల నుంచే. రాత లేనిచోట అది నేర్చుకునేది ఏముంటుంది?

మూడవది వరుస. అసలు పేచీ ఇక్కడే. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ పేజ్‌ర్యాంక్ అనే లెక్కను ప్రకటించారు. ఒక పేజీ ఇంకో పేజీకి ఇచ్చే లింకు ఒక ఓటులాంటిది. కానీ ఓట్లన్నీ సమానం కావు. ఓటేసే పేజీ ఎంత బరువైనదో ఆ ఓటుకు అంత బరువు. ఆ పేజీ ఇరవై పేజీలకు లింకు ఇస్తే దాని బరువు ఇరవై వాటాలవుతుంది. ఇప్పుడు లింకులతో పాటు శీర్షికలో ఉన్న మాటలు, పేజీ తాజాదనం, వెతికే మనిషి ఉన్న చోటు, భాష వంటివి ఎన్నో లెక్కలోకి వస్తాయి. అయినా గొప్పవాళ్లు గుర్తించినదే గొప్పది అనే సూత్రం పోలేదు.

ఓటుకు సమాన విలువ వచ్చినా సమాజంలో సమానత్వం రాలేదని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఇక్కడ ఓటుకే సమాన విలువ లేదు. పేజ్‌ర్యాంక్ లెక్కకు కులం తెలియదు, నిజమే. కానీ పత్రికలు, ప్రచురణ సంస్థలు, విశ్వవిద్యాలయ పీఠాలు ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చాయో వాళ్ల పేజీలకే లింకులు ఎక్కువ. యంత్రం ఆ పాత ఆస్తిని కూడి చూపిస్తుంది. అమెరికాలో సఫియా నోబుల్ 2018లో రాసిన ‘ఆల్గరిథమ్స్ ఆఫ్ అప్రెషన్’ పుస్తకం ఈ సంగతే చర్చించింది. నల్లజాతి బాలికల గురించి వెతికితే అశ్లీల సైట్లు ముందుకొచ్చిన కాలాన్ని ఆమె ఎత్తిచూపారు. ఆ ఫలితాలు తర్వాత మారాయి. అంటే వరుస దైవనిర్ణయం కాదు, మనుషులు మార్చగలిగేదే.

మరి మనం చేయవలసింది ఏమిటి? కరపత్రాన్ని బొమ్మగా మాత్రమే పంపకుండా యూనికోడ్‌లో పాఠంగా కూడా పెట్టాలి. అను ఫాంట్ల ఫైళ్లు చెడిపోకముందే మార్చుకోవాలి. ఊరి పేరు, మనిషి పేరు, సంవత్సరం శీర్షికలోనే రాయాలి. భాగ్యరెడ్డివర్మ గురించి రాస్తే ఆయన మొదటి పేరు మాదరి భాగయ్య అని కూడా చేర్చాలి. పాత పేర్లూ కొత్త పేర్లూ ఒకే పేజీలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకరి రాతకు ఒకరం లింకు ఇవ్వాలి. మనవాళ్ల వ్యాసం చదివి, దాన్నుంచి తీసుకొని, వాళ్ల పేరు చెప్పకుండా వదిలేసే అలవాటు మనలోనూ ఉంది. ఆ అలవాటు వల్ల ఒక పేజీకి దారి మూసుకుపోతుంది.

వర్క్‌షాపులో రిటైరైన పెద్దమనిషి చెప్పిన మాటలు ఒక ఫోనులో రికార్డయి ఉంటాయి. వాటిని ఎవరో ఒకరు కూర్చొని అక్షరాల్లో పెట్టాలి. సెర్చ్ ఇంజన్ వెతకడం మొదలుపెట్టేది ఆ తర్వాతే.