ఇంటి కంప్యూటరుకు స్వతంత్రం

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ పోషణను ముగించినది. కోరినవారికి మరొక యేడాది భద్రతా సవరణలు అందే యేర్పాటు చేసినదే గాని, అది తాత్కాలికం. దాని తరువాతిదైన విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం లేని యంత్రాలను తన యోగ్యతా నిబంధనలలో చేర్చుకొనలేదు. వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో పిల్లల చదువుకోసం పదేండ్ల క్రిందట కష్టార్జితంతో కంప్యూటరు కొన్న గృహస్థుకు దీని అర్థం యేమిటి? తెర వెలుగుతూనే ఉన్నది, మీటలు పలుకుతూనే ఉన్నవి. అయినా ఆ యంత్రానికి కాలం చెల్లినదని దూరాన యెవరో తీర్మానించినారు. కొత్తది కొనుమంటుంది అంగడి. కొనలేనివానికి దారి యేది?

దారి ఉన్నది. దానిని తెలుసుకొనడానికి ముందు ఆపరేటింగ్ సిస్టం అంటే యేమిటో గ్రహించాలి. మీటలు, తెర, జ్ఞాపకశక్తి, ముద్రణ యంత్రం – వీటన్నింటికీ పొత్తు కుదిర్చి, మనిషి ఆజ్ఞను యంత్రానికి వినిపించే వ్యవస్థ అది. దాని మూలాన్ని యజమాని పెట్టెలో పెట్టి తాళం వేసుకొనడం ఒక పద్ధతి. ఆ మూలాన్ని అందరి యెదుట ఉంచి, వాడుకొనడానికి, పరిశీలించడానికి, దిద్దుకొనడానికి, పదిమందికి పంచడానికి అనుమతించడం రెండవ పద్ధతి. ఈ రెండవ పద్ధతికోసం అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ఉద్యమాన్ని ప్రకటించినాడు. 1991లో ఫిన్లాండులో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కీలక భాగాన్ని వ్రాసి లోకానికి విడిచినాడు. ఆ రెండూ కలిసి నేడు వందలాది రూపాలలో లభిస్తున్నవి. వాటిలో పేరుపొందినవాటిని వెల చెల్లించకుండానే తెచ్చుకొనవచ్చును. కాని వెల లేకపోవడం ఇక్కడ చిన్న లాభమే. తన యంత్రం యెన్నాళ్లు బ్రతకాలో తానే నిర్ణయించుకొనగలగడం అసలు లాభం.

ఓరుగల్లుకు ఈ భావం కొత్తది కాదు. నిజాం పాలనలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన కాలంలో, 1904లోనే, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసినది. ఒకరి ఇంట మూలనుండే పుస్తకాన్ని అందరి చేతికీ అందించడమే గ్రంథాలయోద్యమ ధర్మం. పూర్వం లేఖకులు తాళపత్ర ప్రతులకు ప్రతులు వ్రాసుకొన్నందువల్లనే మన కావ్యాలు నిలిచినవి. భాగవతాన్ని రాజుకు గాక రామునికే అంకితం చేసినాడని ప్రసిద్ధి కెక్కిన పోతన పేరు ఈ కథలోనూ వినిపిస్తుంది. ఈ ప్రాంతం ఆయన స్వగ్రామంగా తలచే బమ్మెర నేడు జనగామ జిల్లాలో ఉన్నది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన 'పోతన 2000' అనే తెలుగు అక్షరాల అచ్చు, దాని తోడిదైన 'వేమన 2000' లినక్స్ రూపాలలో ఒకటైన డెబియన్ భాండాగారంలో చేరి, కోరినవారికెల్ల ఉచితంగా లభిస్తున్నవి.

ఇక ఎంపిక. కొత్తవాడు ముందుగా వినే పేర్లు నాలుగైదు. 1993లో పుట్టిన డెబియన్ వీటిలో పెద్దది. దాని స్థైర్యం ప్రసిద్ధం. దానిని ఆధారం చేసుకొని 2004లో వచ్చినది ఉబుంటు. ఉబుంటుపై నిర్మించి 2006లో వెలువడినది మింట్. ఫెడోరా కొత్తదనాన్ని కోరేవారిది. ఆరు నెలలకొక రూపం దాల్చి, ప్రతి రూపమూ పదమూడు నెలలు మాత్రమే పోషణ పొందుతుంది. తరచు మార్పులకు ఓపిక లేని ఇంటికి అది తగదు. భారత ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో 'బాస్' అనే స్వదేశీ రూపాన్ని భారతీయ భాషలతో సహా అందించినది. హైదరాబాదులో 'స్వేచ్ఛ' ఉద్యమం వారు తెలుగులోనే పలికే రూపాన్ని తీర్చిదిద్దినారు.

వీటిలో యేది మేలు? విండోసుకు అలవాటుపడిన చేతికి మింట్ సులభం. తెర అడుగున పట్టీ, ఎడమ మూలన జాబితా – తెలిసిన ఇంటిలో అడుగుపెట్టినట్లే ఉంటుంది. వ్రాతకోతలకు లిబ్రెఆఫీస్, అంతర్జాలానికి ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తాయి. దానికి 2 జీబీ జ్ఞాపకశక్తి కనీసం; 4 జీబీ ఉంటే సుఖం. యంత్రం మరీ బలహీనమైతే మింటులోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రూపం ఉన్నది. 2024లో వచ్చిన 22వ మింటుకు 2029 వరకు పోషణ ఉంటుందని ప్రకటించినారు. కాబట్టి పాత యంత్రం మరికొన్నేండ్లు నిశ్చింతగా పనిచేయగలదు.

అయినా తెలుగింటికి మొదటి పరీక్ష వేరు: అమ్మ పేరును తెలుగులో వ్రాయగలమా? యూనికోడ్ అక్షరపట్టికలో 1991లోనే తెలుగుకు స్థానం దక్కినది గనుక చూపడంలో చిక్కు లేదు. వ్రాయడానికి ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ మీటల వరుసను ఎంచుకొనవచ్చును. ఇంగ్లీషు మీటలతో ధ్వనిని బట్టి వ్రాసేవారికి, రైస్ విశ్వవిద్యాలయం పేర ప్రసిద్ధమైన ఆర్‌టీఎస్ పద్ధతి ఐబస్ అనే సాధనం ద్వారా లభిస్తుంది. ఈ యేర్పాటుకు గంటసేపు పడుతుంది. మొదటిసారి తెలిసినవారు ప్రక్కనుంటే మంచిది. 1959లో వెలసిన ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సంస్థగా ఉన్న ఈ నగరంలో, తెలిసిన విద్యార్థి దొరకడం దుర్లభం కాదు. నిజానికి ఎంపికలో ఇదే ముఖ్యసూత్రం: వీధిలో నలుగురు యే రూపాన్ని వాడుతున్నారో, కొత్తవానికి అదే ఉత్తమం. సందేహం కలిగిననాడు అడగడానికి మనిషి ఉండాలి గదా!

తొందరపాటు మాత్రం కూడదు. ఈ వ్యవస్థలను యూఎస్‌బీ పుల్లలో నింపి, యంత్రంలో యేమీ చెరపకుండానే నడిపి చూడవచ్చును. వైఫై పట్టుకొన్నదా, శబ్దం వినిపించినదా, ముద్రణ యంత్రం పలికినదా – ఇవన్నీ పరీక్షించిన పిమ్మటనే స్థిరంగా ప్రతిష్ఠించాలి. అంతకుముందే ఫోటోలు, పత్రాలు వేరొక చోట భద్రపరచుకొనాలి. ఇది మరచినవానికి ఏ వ్యవస్థా పోయినదాన్ని తెచ్చి ఇవ్వలేదు. టాలీలో లెక్కలు వ్రాసే వ్యాపారి, అను అక్షరాలతో పెండ్లిపత్రికలు కూర్చే డీటీపీ పనివాడు తమ జీవనాధారమైన యంత్రాన్ని వెంటనే మార్చరాదు. ఆ సాధనాలు విండోసుకోసం వచ్చినవి. వారు విండోసు యంత్రాన్ని పనికి ఉంచుకొని, రెండవదానిలో దీనిని అభ్యసించడం వివేకం.

ఇంకొక లోటు ఉన్నది. ఈ వ్యవస్థల జాబితాలను, ఆజ్ఞలను తెలుగులోకి మార్చే పని పూర్తి కాలేదు. తెలుగు ఎంచుకొన్నా అక్కడక్కడ ఇంగ్లీషు తొంగిచూస్తూనే ఉంటుంది. కాని తాళం వేసిన పెట్టెలోని లోటుకు యజమానిని వేడుకొనడం తప్ప గతి లేదు. ఇక్కడ దిద్దే హక్కు చదువరికే ఉన్నది. పాత యంత్రంపై మింట్ నేర్చిన హనుమకొండ బాలిక, రేపు ఒక్క ఆజ్ఞకు చక్కని తెలుగు మాట వెతికి పంపవచ్చును. పరిశీలకులు దానిని అంగీకరించిననాడు, ఆ మాట తెలుగులో ఈ వ్యవస్థను వాడే ప్రతి ఇంటి తెరపైకీ చేరుతుంది.